దూదికి కిరాయి

ఆ రోజు పొద్దున రహమత్ నగర్ బస్టాపులో నిలబడ్డప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: గంపెడు కొత్తిమీర, పుదీనా. ఒక సంచి నిమ్మకాయలు. ఒక తెల్లటి బొచ్చుకుక్క. ఒక మనిషికి, ఒక గంపకు సరిపడా బస్సు కిరాయి, పైన టీ తాగడానికి చిల్లర. కుక్కకు కూడా కిరాయి ఉంటుందని నేను లెక్క వేసుకోలేదు.

నా పేరు భిక్షం. తెల్లవారకముందే ఎర్రగడ్డ మార్కెట్‌కు పోయి సరుకు తెచ్చి, ఇంట్లో కట్టలు కట్టుకుని, బస్సులో ఫిల్మ్‌నగర్‌కు చేర్చడం నా వ్యాపారం. అవి హైటెక్ సిటీ లేచిన కొత్త రోజులు. జూబ్లీహిల్స్‌లో నేను ఏళ్ల తరబడి ఆకుకూర వేసిన ఇళ్ల గేట్లకు ఒక్కొక్కటిగా కంపెనీ బోర్డులు వచ్చాయి. బోర్డు ఉన్న గేటు కొత్తిమీర కొనదు. బోర్డు లేని ఇళ్లవాళ్లు ఏసీ దుకాణాలకు పోయి, ప్లాస్టిక్ కవరు చుట్టిన కట్టలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నాకు గట్టిగా మిగిలింది ఒక్క మెస్సు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కంపెనీ తన షూటింగులకు భోజనాలు వండించే చోటు అది. నా సరుకులో సగం అక్కడే దిగేది.

ఆ మెస్సు కొనుగోళ్లు ప్రొడక్షన్ మేనేజరు చలపతిరావు చేతిలో ఉండేవి. గోదావరి వైపు మనిషి, చెడ్డవాడేం కాదు. కానీ మోతీనగర్ నుంచి ఒకతను వచ్చి, నాకన్నా తక్కువకు వేస్తానని ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. అందుకే ఒకనాడు ఆయన ఫోనులో ఎవరి మీదో "హీరోయిన్ ఒళ్లోకి తెల్ల కుక్కపిల్ల కూడా దొరకదా ఈ ఊళ్లో?" అని అరుస్తుంటే నేను గంప దించి ముందుకు పోయాను.

"మా ఇంట్ల ఉంది సార్. రేపే తెస్త."

ఆ కుక్క నాది కాదు. నా భార్య అనసూయమ్మది. మా గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ఖాళీ చేసి పోతూ దాన్ని మెట్ల మీదే వదిలేస్తే, ఆమె తెచ్చుకుని దూది అని పేరు పెట్టింది. తిండి దండగ అని నేను గొణిగాను. తరువాత చూస్తే ఖర్చును మించి పనిచేసింది. అనసూయమ్మకు చెవులు దాదాపు వినపడవు. కుడిచెవి దగ్గర గట్టిగా అరిస్తే కొంత అందుతుంది. ఎవరైనా తలుపు తోసుకుని వచ్చినా ఆమెకు తెలియదు. ఒకసారి ఎవడో వంటింటి దాకా వచ్చి బిందె ఎత్తుకుపోయాడు, ఆమె వీపు తిప్పి బియ్యం ఏరుతూనే ఉంది. అప్పటినుంచి నేను మార్కెట్‌కు పోతూ బయట తాళం వేసేవాణ్ణి. రోజూ నేను తిరిగి వచ్చేదాకా ఆమె లోపల. దూది వచ్చాక తాళం తీసేశాం. గడప మీద చెప్పు చప్పుడైతే చాలు, అది పోయి ఆమె కొంగు పట్టి లాగేది.

కుక్కను ఒక్క రోజుకు ఇమ్మని చెవిలో చెబితే అనసూయమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"పొద్దుగూకే వరకు తెస్తవా?"

"తెస్త."

"తేకుంటే రేపు మళ్ల నన్ను తాళమేసి పోతవ్."

"తెస్త అంటిని గద!" అని ఆమె చెవిలో అరిచాను.

బస్సు నిండా కృష్ణానగర్‌లో దిగే జూనియర్ ఆర్టిస్టులు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా పోయే పనివాళ్లు. దూదిని గంపలో పెట్టి పైన తడి గోనెగుడ్డ కప్పాను. కండక్టరు పుష్పవల్లి నాకు తెలిసిన మనిషే. నాకు టికెట్టు, గంపకు లగేజీ టికెట్టు కొట్టి, గంపను ఒకసారి తేరిపార చూసింది.

"గంప కదుల్తున్నదేంది కాకా?"

"కొత్తిమీర బిడ్డా. తాజాది."

దూది సరిగ్గా అప్పుడే మొరిగింది.

"తాజా కొత్తిమీర మొరుగుతదా?" అంది పుష్పవల్లి. బస్సు మొత్తం గొల్లుమంది.

నేను బేరానికి దిగాను. గంపకు టికెట్టు తీసుకున్నాక గంపలో ఉన్నదానికి మళ్లీ టికెట్టు ఏమిటన్నాను.

"నువ్వు గంపల కూసుంటే నీక్కూడ కొట్టొద్దా మరి?"

"ఐదేండ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు గద. దీనికింక మూడేండ్లు నిండలే."

"ఎవరి పిల్ల?"

"మా ఇంటామెది."

వెనక సీటులో పోలీసు వేషానికి మీసం అతికించుకుని కూర్చున్న ఒకతను "కాకా, ముక్కు మాత్రం నీదే వచ్చింది" అన్నాడు. పుష్పవల్లి నవ్వలేదు.

"చూడు కాకా, చెకింగ్ సార్లు ఎక్కితే దించేది నీ కుక్కను కాదు, నన్ను. ఫుల్ టికెట్టు తీస్కో, లేదంటే దిగు."

టీ కోసం ఉంచుకున్న చిల్లర దూది టికెట్టుకు పోయింది. టీ లేకుండా ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కడం ఆ వయసులో చిన్న సంగతి కాదు.

షూటింగు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో. చలపతిరావు దూదిని ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"భలే ఉందయ్యా భిక్షం! హీరోయిన్‌గారికి నచ్చుతుంది. తేవడం ఇబ్బంది కాలేదు కదా?"

"ఎందుకు గాలే సార్! బస్సుల ఎక్కనియ్యనే లేదు. నడిమిట్లనే దించుతనన్నది కండక్టరమ్మ. చానా తిప్పలైంది."

పడ్డ కష్టాన్ని కొంచెం పెంచి చెప్పడం అమ్ముకునేవాడికి అలవాటు. కట్ట పావలాకు కొన్నా, కొన్న తీరు చెబితే రూపాయి చేయాలి. ఆయన జాలిగా తల ఆడించాడు. ఈలోగా ఫోను మోగింది. ఫోను చెవికి పెట్టుకునే "నీకు ఏం ఇమ్మంటావ్?" అన్నాడు.

ఈ మాట కోసమే నేను రాత్రి నుంచి జవాబు కట్టి పెట్టుకున్నాను. ఏమీ తీసుకోకూడదు. తీసుకుంటే ఆ పని అక్కడితో తెగిపోతుంది. తీసుకోకపోతే ఆయన మనసులో నాకు బాకీ ఉంటుంది, ఆ బాకీ మీద మెస్సు నిలబడుతుంది. పొద్దున పోయిన టికెట్టు డబ్బులు మాత్రం వస్తే చాలు.

"నాకేమొద్దు సార్. కుక్క కిరాయి ఇయ్యండి, చాలు."

ఆయన జేబులోంచి రెండు వందనోట్లు తీసి నా చేతిలో పెట్టి, ఫోనులో మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు.

నోట్లు చూసి నాకు సంతోషమే కలిగింది. సాయంత్రం కుక్కను ఆటోలో తీసుకుపొమ్మని ఇచ్చాడనుకున్నాను. అడగనిది ఇచ్చాడంటే దయ ఉంది, దయ ఉందంటే మెస్సు నాదే అని లెక్క కట్టుకుని గంప ఎత్తుకున్నాను.

పగలంతా ఎండలో జూబ్లీహిల్స్ రోడ్లు ఎక్కాను, దిగాను. తెరిచిన గేట్లు తక్కువ. ఒక ఇంట్లో పనిమనిషి "మేడమ్ ఆఫీసుల ఉంది" అంది. ఇంకో ఇంట్లో వాచ్‌మన్ ఈ ఇల్లిప్పుడు కంప్యూటర్ల కంపెనీ అన్నాడు. గంపలో పుదీనా తలలు వాల్చింది. మోకాళ్లు పట్టేశాయి. సాయంత్రం నాలుగు దాటాక బంగళాకు తిరిగి వచ్చాను.

వాచ్‌మన్ కుర్చీ కాలికి దూది కట్టేసి ఉంది. మెడలో గులాబీ రంగు రిబ్బను, ముఖం మీద పౌడరు. నన్ను చూసి గొంతు చించుకుంది. నేను తాడు విప్పుతుంటే చలపతిరావు వచ్చాడు.

"ఏంటి, విప్పేస్తున్నావేంటి?"

"ఇంటికి తీస్కపోత సార్. పొద్దుగూకుతున్నది."

"సీను ఎక్కడ అయింది? సగమే తీశాం. రేపు పొద్దున్నే మళ్లీ అదే ఒళ్లో అదే కుక్క ఉండాలి. అయ్యేదాకా ఇది ఇక్కడే."

"గట్లెట్ల సార్? ఇంట్ల మా ఆడమనిషి ఒక్కతే ఉంటది. దానికి చెవులు ఇనపడవు, ఈ కుక్కనే దానికి ఆసరా."

"మరి ఆ మాట పొద్దున చెప్పాలి కదయ్యా. కిరాయి తీసుకున్నావు. కిరాయికి ఇచ్చిన కుక్కని మధ్యలో తీసుకుపోతానంటే ఎలా?"

నేను తాడు వదిలి లేచి నిలబడ్డాను.

"కిరాయంటే బస్సు కిరాయి సార్! దాని టికెట్టు పైసలు."

"బస్సుదైతే బస్సు చార్జీ అంటారు. నువ్వు కుక్క కిరాయి అన్నావు, నేను కుక్కకి కిరాయి ఇచ్చాను. టికెట్టుకి రెండు వందలు ఎవడిస్తాడయ్యా?"

ఇంటికి ఇచ్చినా, ఆటోకు ఇచ్చినా, బస్సుకు ఇచ్చినా మాకు అన్నీ కిరాయే. ఆయనకు కాదు. ఆయన వైపు నుంచి చూస్తే ఆయన తప్పు ఏమీ లేదు. నేను ఇచ్చాననుకున్న మర్యాద ఆయన కొన్న సరుకైంది. బాకీ లేదు, దయ లేదు. పొద్దుటి నుంచి ఆయన లెక్క సరిగానే ఉంది, నాదే గాలిలో ఉంది.

అయినా బేరం వదల్లేదు. "రాత్రికి తీస్కపోయి తెల్లారంగ నేనే తెస్త సార్. ఒట్టు."

"ఎందులో తెస్తావ్?"

"బస్సుల."

చలపతిరావు నా వైపు అలసటగా చూశాడు. ఆయనకు కూడా పొద్దుటి నుంచి కాళ్ల మీదే పని. "బస్సులో ఎక్కనివ్వరని నువ్వే చెప్పావు. నడిమధ్యలో దించేస్తామన్నారని నువ్వే చెప్పావు. ఆరింటికల్లా హీరోయిన్‌గారు మేకప్ వేసుకుని కూర్చుంటే, నువ్వు దీన్ని పట్టుకుని యూసుఫ్‌గూడ రోడ్డు మీద నిలబడి ఉంటావు. నా ఉద్యోగం పోతుందయ్యా."

పెంచి చెప్పిన ఆ నాలుగు మాటలకు ఇప్పుడు వడ్డీ పడింది.

"ఆటోల తెస్త."

"వద్దు భిక్షం. కుక్క ఇక్కడుంటే ఉంచు. తీసుకుపోతే తీసుకుపో, నిన్నేం పట్టుకోను. కాకపోతే నేను ఇంకో కుక్క వెతుక్కోవాలి, సగం సీను మళ్లీ తీయాలి. ఆ తిట్లు నేను తింటాను. మళ్లీ నీ ఆకుకూర నా మెస్సులో దిగదు. మోతీనగర్ అతను రేపు రమ్మన్నా వస్తాడు."

గంప నేల మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. ఒక వైపు మెస్సు. అది పోతే మిగిలేది మూసిన గేట్లు. ఇంకో వైపు ఒక తాళంకప్ప. అదింకా మా ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది, పారేయలేదు. రెండు మూడు రోజుల సంగతే కదా అని ఒకసారి అనుకున్నాను. తాళం వేస్తున్నప్పుడు ఆమెకు ఆ చప్పుడు వినపడదు. అయినా కిటికీ దగ్గరికి వచ్చి నా చేతినే చూసేది. అది గుర్తుకొచ్చింది. నడుము పట్టుకుని లేచి, రెండు నోట్లు తీసి ఆయనకు ఇచ్చాను.

"కిరాయి వాపసు సార్."

ఆయన తీసుకున్నాడు. "మొండివాడివయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు.

చెక్‌పోస్టు దగ్గర ఆటోవాళ్లు కుక్కను చూసి ఆపలేదు. ఆపిన ఒక్కడు చెప్పిన ధరకు నేనే ఆగలేదు. చివరికి వచ్చిన బస్సులో మళ్లీ పుష్పవల్లే ఉంది. డ్యూటీ ముగిసే వేళ, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. బస్సు సగం ఖాళీ.

"ఏం కాకా! పొద్దుగాల దొంగోని లెక్క దాసినవ్, గిప్పుడు పెండ్లిపిల్ల లెక్క తయారు చేసినవ్?"

"ఒకటి నాకు, ఒకటి దీనికి. ఫుల్ కొట్టు బిడ్డా." మెస్సులో మధ్యాహ్నం సరుకుకు వచ్చిన డబ్బు చేతిలో ఉంది.

"పోనీ తియ్యి. జనం లేరు, ఒళ్ల కూసోబెట్టుకో. నేనేం సూడలే."

"వద్దు. కొట్టు."

"పొద్దుగాల గంత లొల్లి పెడితివి?"

"పొద్దుగాల తెల్వలే. ఇయ్యాల దీన్ని ఇంకొకలు కిరాయికి తీస్కున్నరు. గిప్పుడు నేనే కట్టి తీస్కపోత. మధ్యల ఎవ్వల మాట పడొద్దు."

ఆమెకు ఏం అర్థమైందో కానీ టికెట్టు కొట్టి ఇచ్చింది. పోతూ పోతూ దూది తల మీద ఒకసారి చెయ్యి వేసింది. దూదిని నా పక్క సీటులో కూర్చోబెట్టాను. కృష్ణానగర్ దాటేదాకా అది కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది, ఆ తరువాత నా తొడ మీద వాలి నిద్రపోయింది.

గల్లీ మలుపు తిరిగేసరికి మా తలుపు బార్లా తెరిచి ఉంది. అనసూయమ్మ గడప మీదే కూర్చుంది. తలుపు తట్టినా వినపడదని, ఎవరూ తట్టే అవసరం లేకుండా పొద్దుటి నుంచి ఆమే తలుపులా అడ్డంగా కూర్చుందని పక్కింటివాళ్లు చెప్పారు. దూది నా చేతిలోంచి దూకి ఆమె ఒళ్లో పడింది.

"దీని మొఖానికి పౌడరెవరు రాసిండ్రు?" అని కొంగుతో తుడవసాగింది.

నేను పక్కన కూలబడి ఆమె కుడిచెవి దగ్గర అరిచాను. "మెస్సు పోయింది!"

"బస్సు పోయిందా? మరి గింత దూరం నడిచొచ్చిండ్రా?"

మళ్లీ అరిచే ఓపిక లేదు. "లేదు, ఇంకొకటి దొరికింది" అన్నాను.

"గందుకే లేటైంది" అని ఆమె తృప్తిగా తల ఊపి లోపలికి పోయి అన్నం పెట్టింది.

మర్నాటి నుంచి మెస్సులో మోతీనగర్ కొత్తిమీర దిగింది. నేను ఎర్రగడ్డలో సరుకు సగమే ఎత్తుకున్నాను. గులాబీ రిబ్బనుతో అనసూయమ్మ పుదీనా కట్ట కట్టింది. ఆ కట్ట కూడా అమ్ముడుపోయింది. లాభంలో వేయదగ్గది ఒక్కటి ఉంది. ఆ తెల్లవారుజామున నేను మార్కెట్‌కు పోతూ తాళంకప్ప ముట్టకుండా తలుపు ఊరికే దగ్గరగా వేసి పోయాను.