రేడియేటర్లో పసుపు

భార్య కాశమ్మ పోయిన పందొమ్మిదో రోజున సామేలు డ్యూటీకెక్కాడు. నిద్ర పట్టిందా అని అడిగినవాళ్లకు పట్టిందన్నాడు, తిన్నావా అంటే తిన్నానన్నాడు. రెండూ నిజమే. లోపల ఏమీ తెలియనప్పుడు నిద్రా పడుతుంది, అన్నమూ దిగుతుంది. ఏడుపు మాత్రం రాలేదు. సమాధి దగ్గర తార్నాక ఆడవాళ్లంతా అతని కళ్లే చూశారు. అవి పొడిగా ఉండేసరికి తలో మాటా అన్నారు. ఎవరి దుఃఖం ఎంతో కొలిచి చెప్పేవాళ్లకు ఆ ఊళ్లోనూ కరువు లేదు.

సామేలు నడిపేది యూనివర్సిటీ పికప్. యుద్ధం నాటి బండి. పెట్రోలు ఇంజను తీసేసి ఎప్పుడో డీజిలుది బిగించారు. లాబొరేటరీలకు సిలిండర్లు, హాస్టళ్లకు బియ్యం బస్తాలు, పరీక్షలప్పుడు బల్లలు, అన్నీ దాని మీదే. హాస్టళ్ల వెనక కట్టెలేరుతున్న కాశమ్మను మిట్టమధ్యాహ్నం పాము కరిచినప్పుడు చేతికందిన బండీ అదే. పక్కన కూర్చోబెట్టుకుని సికింద్రాబాదు ఆసుపత్రికి బయల్దేరితే, మెట్టుగూడలో బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చి బండి ఆగిపోయింది. ఇంకో బండి దొరకడానికి ముప్పావు గంట పట్టింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, సామేలు మొహం చూసి పక్క మంచం వైపు తిరిగాడు.

బండి ఎందుకు మరిగిందో సామేలుకు అనుమానం ఉంది. ఆ వారమే రేడియేటర్ కారుతుంటే అందులో పసుపు పోశాడు. అది డ్రైవర్లందరూ చేసే పనే. చిటికెడు పసుపు నీళ్లతో తిరిగి తిరిగి చిల్లి దగ్గర పేరుకుంటుంది, కారడం ఆగుతుంది. చిటికెడుకు ఆగలేదని ఇతను రెండు పిడికిళ్లు పోశాడు.

గ్యారేజీలో మెకానిక్కు బుచ్చిరాములు రేడియేటర్ విప్పాడు. లోపలి సన్నగొట్టాల మూతులు పచ్చటి ముద్దతో పూడుకుపోయి ఉన్నాయి.

"ఎంత పోసినవన్నా?" అని మెల్లగా అడిగాడు.

"రెండు పిడికిళ్లు."

బుచ్చిరాములు అటూ ఇటూ చూసి, ఆ ముద్దను గుడ్డతో తుడిచేశాడు. "పసుపుతోని గాదన్నా. బండే ముసల్ది. ఇంజన్ల దమ్ము లేదు. నువ్వు పోసినా పొయ్యకున్నా మెట్టుగూడ కాడ మరుగుతుండె."

నిజంగా అనుకునే అన్నాడో, జాలికొద్దీ అన్నాడో గాని, సామేలు ఆ మాటను వదల్లేదు. ఇంజనుదే లోపమైతే, గొట్టాలు కడిగినా, ఎంత మంచి నీళ్లు పోసినా బండి మరుగుతుంది. అప్పుడు కాశమ్మను చంపింది తన చేతులు కావు. పందొమ్మిది రోజుల తర్వాత అతనికి ఒకటి కావాలనిపించింది. బండి మళ్లీ మరగాలి.

గొట్టాలు శుభ్రమై, చిల్లికి మాటు పడ్డాక వర్క్‌షాపు సూపరింటెండెంటు పార్థసారథి వచ్చాడు. అనంతపురం మనిషి. ఎదురుగా ఎవరుంటే వాళ్లకు పాఠం చెప్పందే ఉండలేడు.

"ఏమప్పా సామేలూ, ఏం పోద్దాం దీంట్లో?" అన్నాడు. "ఈ డబ్బాలోని పచ్చ మందు చలిదేశాలది. నీళ్లు గడ్డకట్టకుండా పోస్తారు. తార్నాకలో నీళ్లెప్పుడు గడ్డకట్టేది? బావినీళ్లయితే సున్నం పేరుకుంటుంది. కెమిస్ట్రీ వాళ్ల డిస్టిల్డ్ వాటర్లో, లేతు మిషను మీద పోస్తామే, ఆ నూనె కాస్త కలిపితే తుప్పు రాదు. ఎక్కువైతే మళ్లీ రబ్బరు పైపులు ఉబ్బుతాయి. నడిపేవాడివి, నువ్వే చెప్పు."

బావినీళ్ల బకెట్టు సామేలు కాలి దగ్గరే ఉంది. ఒక్క క్షణం దానివైపు చూశాడు. కాని చెడ్డ నీళ్లతో మరిగితే అది లెక్కలోకి రాదు. తనను తాను మోసం చేసుకోవడం కూడా అతనికి చేతకాలేదు.

"డిస్టిల్డే పోస్త సార్."

నూనెను టీగ్లాసులో కొలిచాడు. గీత దాటిన నాలుగు చుక్కలు మళ్లీ సీసాలోకి ఒంపాడు. కలిపేసరికి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"ఆసుపత్రి దాకా పోయి రా, తెలుస్తుంది" అన్నాడు పార్థసారథి. మరిగింది ఆ దారిలోనే కాబట్టి ఆ దారే చెప్పాడు. ఆయనకు ఇంజన్ల సంగతి బాగా తెలుసు.

సామేలు పోయాడు. అదే ఎండ, అదే వేళ. తార్నాక దాటాడు. మెట్టుగూడలో కావాలనే రెండో గేరులో ఇంజను అరిచేలా నడిపాడు. వేడి చూపే ముల్లు సగానికి వచ్చి ఆగింది. చిలకలగూడలోనూ అక్కడే ఉంది. ఆసుపత్రి గేటు ముందు ఆపి ఇంజను కట్టేయకుండా కూర్చున్నాడు. మరుగు, మరుగు అని పంటి బిగువున బతిమాలాడు. యాక్సిలరేటర్ తొక్కి పట్టాడు. ముల్లు కదల్లేదు. క్యాంపస్ నుంచి ఇక్కడికి పదహారు నిమిషాలు పట్టింది.

గేటు దగ్గరి కావలివాడు వచ్చి డోరు మీద చరిచాడు. "ఏందన్నా, ఎవరన్నా ఉన్నరా బండిల? ఉంటే జల్ది దించు."

"బండి మంచిగనే ఉండె" అన్నాడు సామేలు. "నేనే ఖరాబు చేసిన. నేనే సంపుకున్న."

కావలివాడికి ఏమీ అర్థం కాలేదు. లోపలికి తొంగిచూశాడు. పక్క సీటు ఖాళీగా ఉంది.

"ఎవరు లేకుంటే తియ్యన్నా, ఎనక పేషంట్లొస్తున్నరు."

సామేలు బండి తీశాడు.