బావి కింద తీగకాయ

పుల్లమ్మ విత్తిన శెనక్కాయను శ్రీశైలమ్మ పీకింది. పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో అందరూ చెప్పుకున్న మాట అదే. ఆషాఢంలో విత్తనం వేసి, శ్రావణంలో చలిజ్వరంతో పోయింది పుల్లమ్మ. పంట చేతికొచ్చేనాటికి ఆమె మొగుడు వెంకటస్వామి వెలిగండ్ల వైపు నుంచి రెండో భార్యను తెచ్చుకున్నాడు.

తాళితోపాటు, పోయిన సవతి పేర చేయించిన వెండి బిళ్ళను కూడా శ్రీశైలమ్మ మెడలో కట్టారు. కొత్త చీరైనా, తొలి ముద్దైనా ముందు ఆ బిళ్ళకు చూపించాలి. ఆమె ఒక్కనాడూ తప్పలేదు. అయినా ఇంట్లో పుల్లమ్మ ఉన్నట్టే ఉండేది. చేట ఏ గోడకు ఆనాలో, ఉట్టి ఎంత ఎత్తున వేలాడాలో అన్నీ ఆమె పెట్టిపోయినట్టే సాగేవి. సాయంత్రం గొర్రెలు దొడ్డికి వచ్చి, వాకిట్లో నిలబడ్డ శ్రీశైలమ్మను దాటి వెనకాల ఎవరికోసమో చూసేవి.

శ్రీశైలమ్మ పుట్టింటి దిక్కున వేసేది గుత్తికాయ. మొక్క నిటారుగా నిలబడుతుంది, కాయలన్నీ మొదట్లోనే గుంపుగా ఊరుతాయి, పప్పు చిన్నది. ఇక్కడిది తీగకాయ. నేలంతా పాకి, పాకిన చోటల్లా ఊడలు దింపి, ఎక్కడెక్కడో కాయలు దాచుకుంటుంది. పప్పు లావు. తీగ గొర్రెలకు మేత. మార్కాపురం రైలుకు వెళ్లే బస్తాల్లో ఈ కాయకే గిరాకీ.

"మా నాయన కాయ పీకినంక దాంట్లోదే ఒలిచి బావి కింద మళ్లా ఏస్తాడు. ఎండల్లో ఇంకో పంట వస్తాది" అన్నది ఆమె భర్తతో.

ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ అట్లా వేయలేదు. తొలకరికి వేయడం, చలికాలంలో పీకడం, విత్తనం మళ్లీ తొలకరి దాకా గాదెలో ఉండడం, అంతే. వెంకటస్వామి ఆశపడి మడి దున్నాడు. కొత్తకాయ ఒలిచి శ్రీశైలమ్మే విత్తింది.

మొలవలేదు.

గుత్తికాయైతే ఈపాటికి ఆకులు విప్పి ఉండేది. వెంకటస్వామి ఎద్దులతో కపిల తోలి, బావి నీళ్లు తోడి తడి మీద తడి పెట్టాడు. మడి నల్లగా, నున్నగా పడి ఉంది.

"ఏం మామా, శెనక్కాయలు ఏసినావా, గులకరాళ్లు ఏసినావా?" అన్నాడు దారినపోయే ఓబులేసు.

"నీ నోట్లో ఏసుంటే ఈపాటికి మొలిచేవిలేరా, పో!"

అత్త వీరమ్మకు నవ్వు రాలేదు. "అవి పుల్లి చేతి గింజలురా. ఏసింది, తినకుండా పోయింది. కింద నుంచి పట్టుకోనుండాది. ఈ పిల్లను ఒప్పుకోలేదు."

"ఊరుకో అమ్మా."

"ఊరుకోను. శివరాత్రి దాకా చూస్తా. అప్పటికీ లేవకపోతే దీన్ని పుట్టింట్లో దించి రా. ఇంకో పిల్ల పాడె ఈ వాకిట్లో నుంచి లేస్తే నేను చూడలేను నాయనా."

అత్తది కోపమైతే శ్రీశైలమ్మ ఎదురు చెప్పేదే. భయానికి ఏం చెప్తుంది? మునిమాపువేళ మడి గట్టున ఒంటరిగా కూచునేది. తడి ఆరే మట్టి చిటుకు చిటుకుమనేది, ఎవరో లోపల కూచుని కాయలు ఒలుస్తున్నట్టు. "అక్కా, నీ ఇల్లు నాకొద్దు. నన్ను ఉండనీ, చాలు" అనేది. చిటుకు ఆగేది. ఆగినప్పుడే ఎక్కువ భయమేసేది.

శివరాత్రికి దోర్నాల మీదుగా కొండకు తిరనాళ్లకు వెళ్లిన బండ్లు తిరిగొచ్చాయి. వెంకటస్వామి తల వంచుకుని బండిలో ఆమె బొంత, చెంబు పెట్టాడు.

"ముందు ఆ మడి దున్నెయ్యి. జొన్నన్నా చల్లుదాం" అన్నది వీరమ్మ.

నాగలి మడిలో దిగబోతుంటే శ్రీశైలమ్మ ఎద్దుల ముందు మోకాళ్ల మీద కూలబడింది. ఎందుకో ఆమెకే తెలియదు. తన చేత్తో వేసిన గింజ ఏమైందో చూడకుండా పోలేకపోయింది. సాలు గుర్తుపట్టి వేళ్లతో తవ్వింది. గింజ దొరికింది. కుళ్లలేదు, చీమ ముట్టలేదు. ఎర్ర తోలుతో, కన్ను మూసుకున్నట్టు ఉంది.

"అత్తా, మా గుత్తికాయకు నిద్ర లేదు. పీకకముందు వాన పడితే చెట్టుకు ఉండంగనే మొలుస్తాది. ఇది పండుకోనుండాది. మనం గాదెలో పెట్టి నిద్రపుచ్చేదాన్ని, నేను తొందరపడి భూమిలో పండబెట్టినా."

వీరమ్మ గింజను అందుకుని గోటితో చీల్చింది. లోపల పాలలా తెల్లగా ఉంది. ముసలామె తానే వంగి ఇంకోచోట తవ్వింది. ఆ గింజ కొసన తోలు చిట్లి, బియ్యపు నూకంత తెల్లటి మొన బయటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. పుల్లమ్మ పోయిన నాడు కూడా ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చావలేదే ఇది" అన్నది. తీసినచోటే దాన్ని మెల్లగా పెట్టి మట్టి కప్పింది. "ఎద్దుల్ని ఇప్పరా. కపిలకు కట్టు."

వెంకటస్వామి పరుగున వెళ్లాడు. నీళ్లు కాలవలో పడి, మట్టితో మూసి ఉన్న మడి మడవ వైపు వస్తున్నాయి. వీరమ్మ కళ్లు ఇంకా ఆ మట్టి మీదే ఉన్నాయి.

"ఆ మడవ తియ్యి, పుల్లమ్మా" అన్నది.

తానేమన్నదో ముసలామెకు తెలియలేదు. కపిల దగ్గర వెంకటస్వామి ఉలిక్కిపడి ఆగిపోయాడు. శ్రీశైలమ్మ చెయ్యి మెడలోని బిళ్ళ మీదికి పోయింది.

"తీస్తాండా అత్తా" అని పార అందుకుంది.