నాలుగో గిట్ట

ఫారంలో పనివాళ్లను చూసుకునే మేస్త్రీ అంటే ఆ అమ్మాయికి మొదటినుంచీ అనుమానమే. ఆవులూ చిరుతా ఒకే బీడును పంచుకుని బతకగలవా అని పీహెచ్‌డీ చేయడానికి ఈ పశువుల ఫారానికి వచ్చిన రోజే, "చిరుతకి చదువు చెప్తావా తల్లీ?" అని వెటకారం చేశాడు. యజమాని అలా కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, కొసరి కొసరి అన్నం పెట్టించాడు. రెండోరోజుకే ఆయన బాబాయ్ అయిపోయాడు.

అంతలో కంచె అవతల పొదల్లో ఓ దూడ చచ్చిపడి కనిపించింది. మెడమీద పంటిగాట్లు, పొట్ట సగం తినేసి ఉంది. ఇంకేముంది! చిరుతను కాల్చడానికి అనుమతి కావాలని అటవీ అధికారికి కబురు వెళ్లింది. పాపం, అది పిల్లల తల్లి. అధికారిని తీసుకురావడానికి మేస్త్రీ మధ్యాహ్నమే జీపేసుకుని పట్నం వెళ్లాడు.

సాయంత్రం ఆమె దూడ కాళ్లు తిప్పి చూసి ఉలిక్కిపడింది. గిట్టల అడుగున మెత్తటి పసుపు తొడుగు అలాగే ఉంది. దూడ పుట్టి కాస్త నడిస్తే అరిగిపోయే తొడుగది. ఇక్కడ ఆవులు ఈనేది తలుపులేసిన కొట్టంలో. అడుగైనా వేయని దూడ కంచె ఎలా దాటిందట? చచ్చి పుట్టినదాన్ని ఎవరో తెచ్చి పడేస్తే చిరుత తిన్నది, అంతే.

"ఇది మేస్త్రీ పనే బాబాయ్!" అంటూ పరుగెత్తుకెళ్లి అంతా చెప్పింది. "రేపు ఆ గిట్టలు చూపిస్తే చాలు."

"ఇంకెవరికైనా చెప్పావా అమ్మాయ్?"

"లేదు."

"చెప్పకు. నేను చూసుకుంటాగా."

ఆమె ప్రాణం కుదుటపడింది.

పొద్దున్నే మేస్త్రీ, అధికారి జీపు దిగారు. వెళ్లి చూస్తే దూడకు ఒక్క గిట్టా లేదు.

"చిరుత నమిలేసినట్టుంది," అన్నాడు యజమాని.

నమిలితే ఎముక అంత నున్నగా తెగుతుందా? మేస్త్రీ రాత్రంతా పట్నంలోనే ఉన్నాడు. తను చెప్పింది ఒక్కరికే. ఆయన కొసరి కొసరి పెట్టించిన అన్నం గుర్తొచ్చింది. ఎంత పిచ్చిమొహం తను!

"మీకు దొరికినవి మూడే కదా బాబాయ్?" అంది. "నాలుగోది చిరుత తినేసిందనుకున్నారా? ముందు నమూనా తీసి దాచుకుని, ఆ తర్వాతే నోరు విప్పడం మా ల్యాబ్‌లో అలవాటు."

సంచిలోంచి డబ్బా తీసి అధికారి చేతిలో పెట్టింది. యజమాని తల దించుకున్నాడు. చిరుత బతికిపోయింది. ఇంత జరిగినా ఆయన్ను ఇంకా బాబాయ్ అనే పిలిచానని ఆమెకు ఏడుపొచ్చింది.