పది నిమిషాల సీడీ

కంప్యూటర్ ఆపరేటర్ సుమిత్రమ్మ అడిగింది ఒక్క రోజు. చెరకు రైతుల సంఘం ఆఫీసుకు ఒక్కటంటే ఒక్క రోజు తాళం వేయమంది. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

బోధన్ పక్కనున్న ఆ ఆఫీసులో ఎవరి చెరకు ఎప్పుడు నరకాలో చెప్పే జాబితా అంతా ఆమె కంప్యూటర్లోనే ఉంది. మూడేళ్లుగా చెరుపుతూ, చేరుస్తూ ఉండేసరికి ఫైళ్లు లోపల ముక్కలు ముక్కలుగా చెదిరిపోయాయి. ఒక పేరు వెతకమని చెప్పి చాయ్ తాగి రావచ్చు. కంప్యూటర్‌తోపాటే వచ్చిన డీఫ్రాగ్ అనే ప్రోగ్రాం ఆ ముక్కల్ని ఒకచోట సర్దుతుంది. కాకపోతే నిదానం, పైగా మధ్యలో వేరే పని చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. చేయకుండా ఉండనిస్తే కదా! "అక్కా, నా నంబర్ ఎప్పుడొస్తదో జర సూడు" అంటూ కిటికీ దగ్గర ఎవరో ఒకరు. ఎండిపోతున్న చెరకు వాళ్లది, కాదనలేకపోయేది. నాలుగుసార్లు మొదలుపెట్టింది, నాలుగుసార్లూ సున్నాకే వచ్చింది.

"ఆఫీసు బంద్ పెడితే రైతులు ఊకుంటరా? నన్ను నిలవెట్టి కడుగుతరు" అన్నాడు సెక్రటరీ ఆత్మారాం. మర్నాడు హైదరాబాద్ బామ్మర్ది ఇచ్చిన సీడీ ఒకటి పట్టుకొచ్చాడు.

"గా ముసలి డీఫ్రాగ్ ఎందుకమ్మా! గిది ఫారిన్‌ది. పది నిమిషాలల్ల ఖతం."

పొరుగింటి పుల్లకూర రుచి మరి!

"సార్, మన డీఫ్రాగ్‌ల కరెంటు పోయినా ఫైళ్లకు ఏం కాదు. దీంట్ల మాత్రం ముందుగాల కాపీ తీసుకొమ్మని రాసే ఉంది, చూడుండ్రి. ఫ్లాపీల మీదికి ఎక్కిస్త, మాపటిదాకా టైమియ్యుండ్రి."

"నాకే సదువు చెప్తున్నవా?"

ఆమెను కుర్చీలోంచి లేపి, తనే కూర్చుని, సీడీ వేసి నొక్కాడు. ఏడో నిమిషంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిందని ఆమె మూడు అర్జీలు పెట్టుకుంది, ఎవరు చదివారు? కరెంటు వచ్చేసరికి జాబితా లేదు.

మధ్యాహ్నం ఆత్మారాం ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల జాబితా పోయిందని ఉంది.

"దస్తకత్ పెట్టు. నీ నౌకరికి ఏం గాకుండ నేను చూసుకుంట."

వారెవ్వా, ఎంత దయ! సుమిత్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, బయట నిలబడ్డ ముప్పై మందికీ వినబడేలా చదివింది. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆఫీసుకు ఒక్క రోజు సెలవు అడిగిన సంగతితో సహా.

అందరికంటే ముందున్న మోస్రా ఊరి రైతు ఆశన్న కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"ఒక్కరోజే గదక్కా," అన్నాడు. "మమ్ములనడిగితే మేమే ఇస్తుంటిమి గాదా!"

మమ్మల్ని అడిగితే! వాళ్ల పేరు చెప్పి సెలవు కాదన్నారు, వాళ్లను మాత్రం ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు.

సుమిత్రమ్మ కాగితం వెనక్కి తిప్పింది. సీడీ ఎవరు తెచ్చారో, ఎవరు నొక్కారో రాసి ఆత్మారాం ముందు పెట్టింది.

"ఇగ మీరు పెట్టుండ్రి సార్, దస్తకత్."

కిటికీ దగ్గర నుంచి ఒక్కరూ కదలలేదు.