వాగవతలి ఇల్లు

వాగవతలి ఒడ్డు అందరికీ ఉచితమైన రోజే రమ కొడుకు కట్టిన ఇల్లు పోయింది.

అది ఫోన్‌లోని ఇల్లు. పల్లెలు కట్టే ఆట అది. వాగుకు ఇవతలి ఒడ్డు అందరిదీ. అవతలి ఒడ్డుకు పోవాలంటే విడిగా డబ్బు కట్టాలి. డిగ్రీ చదివే రోజుల్లో గోపీకృష్ణ ఎండాకాలమంతా హాలియాలో ఒక జిరాక్స్ సెంటర్‌లో పనిచేసి దాన్ని కొన్నాడు. కొన్నాడే గాని, ఒడ్డుకు డబ్బు అడిగారన్న కోపం పోలేదు.

"దోస్తులందరు ఇవతల్నే ఉన్నరమ్మా. నేనొక్కన్ని ఆడ ఏం జేయాలె? ఎప్పటికన్న ఫ్రీ చేస్తరు, చెయ్యక ఏడికి పోతరు" అనేవాడు. దోస్తులు ఎప్పటికైనా వస్తారని ఆ ఒడ్డునే ఇల్లు కట్టి, వాకిట్లో వరసగా మంచాలు వేశాడు. దర్వాజకు నీలం రంగు పూశాడు, అచ్చం తమ ఇంటి దర్వాజలాగా.

పోయిన వానాకాలం జ్వరంతో దవాఖానకు పోయినవాడు తిరిగి రాలేదు. అప్పటి నుంచి రమ బడిలో పాఠాలు చెప్పి రాగానే అతని ఫోన్ తెరిచి, ఆ వాకిట్లో బంతిమొక్కలకు నీళ్లు పెట్టేది.

ఆ రోజు తెరిస్తే ఒడ్డంతా గడ్డి. పైన నాలుగు మాటలు: "ఇకపై ఈ ఒడ్డు అందరిదీ. అందరూ సమానంగా మొదలుపెట్టాలని పాత కట్టడాలను తొలగించాం. ముందే కొన్న మీకు కానుకగా బంగారు టోపీ."

మర్నాడు స్టాఫ్‌రూంలో సోషల్ చెప్పే స్నేహలత ఆ మాటలు చదివింది. "టోపీ ఇచ్చుడు గాదక్కా, పెట్టిండ్రు" అని, రమ ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏమనుకోకు గని, పైసలు పెట్టి కొన్నది మందికి ఉత్తగ ఇస్తే నీకు మండుతాందనుకుంటరు."

"ఉత్తగ ఇయ్యాల్సిందే. ఎప్పుడో ఇయ్యాల్సుండె. నా క్లాసుల పిల్లలు ఇవతల నిలబడి చూసుడే గద ఇన్నాళ్లు. గేటు తీసుడు తప్పని నేనంటలేను స్నేహా. గేటు తీసెటోడు లోపలి ఇల్లెందుకు కూలగొట్టాలె?"

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి మర్యాదగా మాట్లాడింది. "ఇంకా మంచి ఇల్లు కట్టుకోవచ్చు మేడమ్. ఇప్పుడు కలప కూడా ఉచితం."

"కట్టినోడు లేడమ్మా."

"వారిని మళ్లీ లాగిన్ అవమనండి మేడమ్."

రమ "సరేనమ్మా" అని మెల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది. కోపం వస్తే గొంతు తగ్గించుకోవడం ఆమెకు బడిలో అబ్బిన అలవాటు. కానీ ఆ పూట వడ్డించుకున్న కంచాన్ని పక్కకు జరిపింది.

"ఎవలతోటి మాట్లాడినవు? గట్లున్నవేంది?" అని అత్త సోమమ్మ అడిగితే అంతా చెప్పింది. సోమమ్మ ఆటను ఎన్నడూ చూడలేదు, ఇల్లు పోవడం మాత్రం చూసింది. ఆమె చిన్నప్పుడే వాళ్ల ఊరు నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్ల కింద మునిగింది. ఊరు ఖాళీ చేసేనాడు ప్రతి ఇంటివాళ్లూ ముందు దర్వాజను పీకి బండెక్కించారు. గోడలు ఎక్కడైనా లేపుకోవచ్చు, దర్వాజ ఉంటే ఇల్లు వెంట వచ్చినట్టే అనుకున్నారు. ఈ ఇంటికున్న నీలం దర్వాజ అట్లా వచ్చిందే.

"నీళ్లు అందరికి వచ్చినయి, మంచిదే" అంది సోమమ్మ దర్వాజకు చేరబడి. "గీ హాలియాల వరి పండుతాందంటే గా నీళ్లతోనే. గని మాకు దర్వాజ పీక్కునే టైమన్న ఇచ్చిండ్రు బిడ్డా. నీకు గంత కూడ ఇయ్యకపోయిరి."

రమకు తన కోపానికి మాట దొరికింది. అప్పుడే కూర్చుని కంపెనీకి రాసింది. ఒడ్డు అందరికీ ఇచ్చినందుకు ఫిర్యాదు లేదని, టోపీ వద్దని, పాత ఇల్లు వాళ్ల దగ్గర ఎక్కడైనా దాచి ఉంటే దర్వాజ ఒక్కటైనా తిరిగి ఇమ్మని, ఇకముందు ఏ ఒడ్డు తెరిచినా అక్కడ ఉన్నవాళ్లకు ముందు చెప్పాలని రాసింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. మళ్లీ రాసింది. మళ్లీ ధన్యవాదాలే వచ్చాయి.

గోపి దోస్తులు ఇప్పుడు అవతలి ఒడ్డున ఇళ్లు కట్టుకుంటున్నారు. గోపి ఇల్లున్న జాగా ఒక్కటి మాత్రం ఖాళీగా వదిలారు. రమ అడిగినదానికి కంపెనీ ఇంకా జవాబు ఇవ్వలేదు. దర్వాజ రాలేదు.