ప్రసాదంగా వచ్చిన కణాలు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఢిల్లీలో ఉషశ్రీ అనే పిల్ల ఎలా ఇరుక్కుపోయిందో చెబుతాను, విను.

బేర్ సరాయ్‌లో, కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటి గోడ తగిలే గది ఆ పిల్లది. అక్కడికి దగ్గర్లోనే ఒక పెద్ద సంస్థలో, జీవరసాయన శాస్త్రపు ప్రొఫెసరు సదాశివరావు గారి దగ్గర ఐదేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఆ విభాగం వెబ్‌సైటులో ప్రతి ప్రొఫెసరు పేరు కిందా ఆయనకు దేనిమీద ఆసక్తో రాసి ఉంటుంది. ఈయన పేరు కింద ఏళ్ల తరబడి ఒకటే మాట: మనం మింగిన మందును కాలేయపు కణాలు ఎలా విరగ్గొడతాయి. ఆ ఒక్క ముక్క చదివే కాకినాడలో రైలెక్కింది ఉషశ్రీ.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. చదువు పూర్తయి వెళ్లే సీనియరు, గడ్డకట్టించి దాచిన కాలేయ కణాల గొట్టాన్ని కొత్తగా చేరినవాళ్ల చేతిలో పెట్టి, నోట్లో బర్ఫీ ముక్క పెడతాడు. దాన్ని ప్రసాదమనేవాళ్లు. పాలలో తోడు వేసుకున్నట్టు ఆ కాసిన్ని కణాలనుంచే మళ్లీ పెంచుకోవాలి. ఉషశ్రీకి ఇచ్చినవాడు వరంగల్ సాయిప్రకాష్.

"ఇవి కాలేయానివేనని ఒకసారి పరీక్ష చేయించనా అన్నా?" అని అమాయకంగా అడిగింది.

"ప్రసాదంల ఉప్పు సరిపోయిందో లేదో అడుగుతరా ఎవరన్నా?" అన్నాడతను. ల్యాబంతా నవ్వింది. పిల్ల మళ్లీ ఆ ఊసెత్తితే ఒట్టు.

థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలుందనగా, ఆమె వ్యాసాన్ని అచ్చు వేయబోయే పత్రిక ఆ పరీక్షే అడిగింది. ఏముందిలే అని నమూనా పంపింది. జవాబొచ్చింది. అవి కాలేయపు కణాలు కావు. ఎన్నడో ఎవరో పక్కనే పెంచిన గర్భసంచి క్యాన్సరు కణాలు వాటిలో పడి, బలంగా పెరిగి, అసలువాటిని లేకుండా చేశాయి. గొట్టం మీద చీటీ మాత్రం కాలేయమనే అంటోంది.

ఆ జవాబు కాగితం మడిచి, గదికి వచ్చి సంగతంతా చెప్పింది.

"చుప్‌చాప్ ఇచ్చెయ్యవే," అంది గదిలో తోడుండే సునంద, మ్యాగీ తింటూ. "థీసిసులు ఎవరు చదువుతారు యార్? అల్మారాకి బరువంతే."

"రేపు ఎవరైనా దీన్ని నమ్మి మందు తయారుచేస్తే?"

"అచ్ఛా, అంత గొప్ప రాశావా నువ్వు?"

సదాశివరావు గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. లేచి తలుపు వేసి వచ్చారు.

"ఇంకెవరికైనా చూపించావా అమ్మా?"

"బయట ఎవరికీ చూపించలేదు సార్."

"ఈ కణాలతోనే నా దగ్గర పధ్నాలుగు మంది డాక్టరేట్లు తీసుకున్నారు. వాళ్లనేం చెయ్యమంటావు చెప్పు? ముందు నీది ఇచ్చెయ్. తరవాత తీరిగ్గా చూద్దాం. మార్చిలో నేను రిటైరవుతున్నాను."

కసిరితే తిరగబడేదేమో. ఆయన బతిమాలినట్టు అన్నారు, అదే ఉచ్చయి కూర్చుంది. ఆయన సంతకం లేనిదే థీసిస్ కదలదు. ఐదో ఏట ఇంకో ప్రొఫెసరు చేర్చుకోడు. కాకినాడలో వాళ్ల నాన్న, కూతురు డాక్టరైపోయిందని వీధి వీధంతా చెప్పేశాడు. ముందుకు పోతే అబద్ధం, వెనక్కి పోతే ఐదేళ్లూ బూడిద. మూడు రోజులు మంచం దిగలేదు పిల్ల.

నాలుగో రోజు థీసిస్ పట్టుకుని వెళ్లింది. మొదట్లో ఒక పేజీ కొత్తగా చేర్చింది: ఈ కణాలు నిజానికేమిటో, పరీక్షలో ఏం తేలిందో.

"ఈ పేజీ ఉంటేనే ఇస్తాను సార్. లేకపోతే ఇవ్వను."

"కాలేయం మీద రెండొందల పేజీలు రాసి, ఇందులో కాలేయమే లేదంటావా? అప్పుడిది థీసిసెలా అవుతుందమ్మా?"

"అవదు సార్."

ఆయన ఆ పేజీ తీసి చదివారు. థీసిస్ మీద సంతకం పెట్టలేదు. సొరుగులోంచి గడువు పెంచమనే ఫారం తీసి, దాని మీద సంతకం పెట్టారు. ఇంకో రెండేళ్లు.

"అసలైన కణాలు తెప్పించు. మొదటినుంచి చెయ్యి. రిటైరయ్యాక కూడా నీ పని నేనే చూస్తాను. ఆ పధ్నాలుగు మందికీ, పత్రికలకీ నేనే రాస్తాను."

ఆ ఫారం పట్టుకుని బయటికొచ్చి, ఆటోల రొదలో నిలబడి నాన్నకు ఫోను చేసింది.

"ఇంకో రెండేళ్లు పడుతుంది నాన్నా."

"తప్పావా తల్లీ?"

తప్పలేదనీ అనలేకపోయింది, నెగ్గాననీ అనలేకపోయింది. "భోంచేశారా?" అంది.

ఇదమ్మా సంగతి. గుర్తుపెట్టుకో, నీ స్నేహితులకీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం, నిజం చెప్పింది, గెలిచేసింది అని తేల్చేయకు. ఆ రెండేళ్లూ కూడా చెప్పు.