ఎన్ని గ్రాముల చేదు

చెప్పులు గడప బయటనే విడిచిండు, అడగకముందే చేతులు సబ్బుతో కడుక్కున్నడు, ఒక్క తప్పన్నా చేస్తే బాగుండు, వెళ్లిపొమ్మనడానికి ఒక సాకు దొరికేది, కానీ సాయిచంద్ ఈ వంటింట్లో తప్పు చేయడు, ఏ గంటె ఎక్కడుంటదో మహిమకంటే అతనికే బాగా తెలుసు, ఆరేండ్లు ప్రతి రెండో శనివారం లక్సెట్టిపేట బస్సు దిగి నేరుగా ఇక్కడికే కదా వచ్చేది, ఆమె భర్త బెన్నీ దగ్గరికి, ఆమె ఇంటికి, ఆమె పొయ్యి మీదికి, ఇప్పుడు భర్త లేడు, ఇతనున్నడు, కూర్చుంటనా వదినా అని అడిగి మరీ కూర్చున్నడు, బెన్నీ స్టూలు మీద.

కూర్చో, అన్నది, అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఇవ్వదలుచుకోలేదు, నాలుగు నెలల కింద సమాధుల తోటలో ఆమె కొంగుతో కండ్లద్దుకుంటుంటే ఇతను మట్టి మీద కూలబడి ఏడ్చిండు, వచ్చినోళ్లందరూ ఇతన్నే ఓదార్చిండ్రు, ఇతనికే నీళ్లు తాగించిండ్రు, అత్త మగ్దలేనమ్మ ఒక్కతే, గీ తాగుబోతు దోస్తులే నా కొడుకును మింగిండ్రు, అని నలుగురిలో అన్నది, పుట్టుకతోనే గుండెలో లోపమున్నదని డాక్టరు రాసిచ్చిన కాగితం అప్పుడు మహిమ సంచిలోనే ఉన్నది, తీసి చూపలేదు, ఆ మాట ఇతని మీద పడుతుంటే పడనిచ్చింది, తప్పని తెలిసే పడనిచ్చింది, ఇతను తల వంచుకొని మాట పడ్డడు, ఆ పడడం కూడా ఆమెకు నచ్చలేదు.

పొయ్యి మీది గంజులో బార్లీ రసం అంచుల దగ్గర నురగ కడుతున్నది, బెన్నీ పోయిన తొమ్మిదో రోజు కొరియరులో వచ్చిన మాల్టు ఇది, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఇంట్లో బీరు కాచడానికి అతనే ఆర్డరు పెట్టుకున్నది, రెండు కిలోలు, ఒక ఈస్టు పొట్లం, ఒక్కసారి కాచడానికి సరిపోయేంత, డబ్బా మీద బతికున్న మనిషి పేరులాగా అతని పేరు, అటక మీద పెట్టి మరిచిపోదామనుకుంది, పోయిన వారం ఇతనే ఫోను చేసిండు, వదినా, ఆ మాల్టుకు పురుగు పడతది, నాకియ్యి, అన్న పేరు మీద ఒక్కసారి నేను కాస్త, ఆమె ఒప్పుకోలేదు, ఎవరికీ ఇయ్య, నేనే కాస్త, పంతొమ్మిదేండ్ల సంది కెమిస్ట్రీ చెప్తున్న, గంజెడు బార్లీ ఉడకబెట్టుడు నాకు రాదా, అన్నది, అతను మెల్లగా, వస్తది వదినా ఎందుకు రాదు, మరి హాప్స్ ఉన్నయా, అని అడిగిండు.

లేవు, అయిపోయినయి, చేదు కోసం వేసే ఆ పూలు, దంచి గుళికలు చేసినవి, బెన్నీ ఇంగ్లండువే వాడేటోడు, గ్రానైటు కొనడానికి కరీంనగర్ వచ్చిన ఒక ఇంగ్లండు ముసలాయన బెన్నీ పనిచేసే క్వారీ ఆఫీసులో అతనికి ఈ విద్య నేర్పిపోయిండు, బిట్టరు అంటరట దాన్ని, వాళ్ల ఊర్లో సాయంత్రం పూట తాగే ఎర్రటి బీరు, ఇప్పుడు సాయిచంద్ హైదరాబాదులో ఎవరినో బతిమాలి తెచ్చిన ఈ వెండి రంగు పొట్లం మీద పేరు లేదు, చేదు ఎంతో చెప్పే అంకె లేదు, హిమాలయాల దిక్కు పండుతయట వదినా, గంతే ఎరుక, అన్నడు, పేరు లేని సీసాను ముట్టుకోవద్దని మహిమ ప్రతి జూన్‌లో ల్యాబు తలుపు దగ్గర నిలబడి పిల్లలకు చెప్తది, ఇప్పుడు తన వంటింట్లోకే పేరు లేనిదాన్ని తెచ్చిండు, కత్తెరతో మూతి కోసింది, బత్తాయి తొక్క వాసన, దాని వెనక ఏదో చెట్టు జిగురు, ఇది కాదు, బెన్నీ చొక్కాలకు పట్టిన వాసన ఇది కాదు, అది తడిసిన ఎండుగడ్డిలాగా ఉండేది, ఆ వాసన పోవాలని కర్టెన్లు ఎన్నిసార్లు ఉతికిందో, ఇప్పుడు అది కాదని ఈ పొట్లం మీద కోపం.

బాగలేదా వదినా, అన్నడు, నేనేమన్నా అన్ననా, అన్నది, అనలే, ముక్కు అన్నది, అని నవ్వబోయి ఆగిండు, ఇందాక వేడినీళ్లలో మాల్టు నానబెట్టినప్పుడు కూడా అంతే, టీచరమ్మ చేతిల అరవై ఏడంటే అరవై ఏడే, ఒక్క డిగ్రీ జరుగలే, అన్న చేస్తే మాత్రం ముంత నీళ్లు గిటు, ముంత నీళ్లు గటు, అని నవ్విండు, ఆమె నవ్వలేదు, చనిపోయినవాని మీద పరాచికాలా.

గంజు మరుగు పట్టింది, ఇక గంట సేపు మరగాలి, హాప్స్ మొదట్లోనే పడాలి, నోట్‌బుక్కులో ఇరవై గ్రాములని బెన్నీ వంకర అక్షరాలు, కానీ అది ఆ హాప్స్ లెక్క, ఇది దానికి రెట్టింపు చేదుదైతే గంజంతా పారబోసుడే, మళ్లీ చేద్దామంటే అతను కొన్న మాల్టు ఇక లేదు, సాయిచంద్ లేచి చిన్న గిన్నెలో రెండు గంటెల రసం పోసి, రెండు గుళికలు వేసి, పక్క పొయ్యి మీద పది నిమిషాలు మరిగించిండు, చల్లార్చి ఆమె ముందర పెట్టిండు, కొత్త పొట్లం తెచ్చినప్పుడల్లా అన్న గిట్లనే చూస్తుండె వదినా, జర నాలుక మీద వేసుకొని చెప్పు, అన్న చేదుకు ఇది ఎక్కువనా తక్కువనా, నీకంటే ఎవరికి ఎరుక.

స్పూను తీసుకుంది, పెదవి దాకా తెచ్చి నాలుకకు అద్దుకుంది, చేదు, అవును, చేదే, కానీ దేనికంటే ఎక్కువ, దేనికంటే తక్కువ, ఖానాపూర్‌లో తనను కన్న బాపు పాస్టరు, ప్రభు భోజనంలో కూడా ద్రాక్షపండ్ల రసమే, ఆ ఇంటి బిడ్డ ఇలాంటిది ముట్టదు, పెండ్లినాడే బెన్నీతో చెప్పింది, బెన్నీ సరేనన్నడు, అయినా ప్రతి రెండో శనివారం గంటె ఊదుకుంటూ ముందరి గది దాకా వచ్చేటోడు, మహిమా, ఇంక మత్తు పుట్టనే లేదు, వట్టి బార్లీ నీళ్లు, జరమొచ్చినోళ్లకు పోస్తం గద, ఒక్క చుక్క చూసి చెప్పు, ఆన్సరు పేపర్ల మీది నుంచి తలెత్తకుండా, నాకు పనుంది, అనేది, అతను కాసేపు నిలబడేటోడు, చెప్పుల్లేని ఆ పాదాలు పేపర్ల అంచు దగ్గర కనిపించేవి, తర్వాత వెనక్కి తిరిగేవి, వంటింట్లోంచి, సాయీ, నువ్వన్నా చూసి చెప్పురా, అని వినిపించేది.

నాకు తెల్వదు సాయిచంద్, ఆయన కాచింది నేను ఎన్నడూ నోట్లె పోసుకోలే, అన్నది, గొంతు క్లాసులో ఉన్నట్టే నిలకడగా ఉన్నది, అతను ఆమె మొహం వైపు చూడలేదు, గిన్నె దగ్గరికి జరుపుకొని, ఒక చుక్క నాలుక మీద వేసుకొని, కండ్లు మూసుకున్నడు, ఎవరినో గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు చాలాసేపు అట్లనే ఉన్నడు, పద్నాలుగు గ్రాములు చాలు వదినా, అన్నడు, ఆమె తూకం మీద పద్నాలుగు పెట్టింది, ఒక్క గుళిక అటూ ఇటూ కాకుండా, గంజులో పోసింది, నురగ పైకి లేచి దిగింది, ఆరేండ్ల శనివారాలు ఈ మనిషి తన నుంచి ఎత్తుకపోయిండనే అనుకున్నది, ఎత్తుకపోలేదు, బెన్నీ మొదట తన దగ్గరికే తెచ్చిండు, ప్రతిసారీ, తను వద్దన్నదే ఇతనికి పోయింది.